పదో ఫ్రెట్ దగ్గర

ధ్యానభాగము: కీర్తనలు 88, యోబు 2:11-13



ఈసారి ఒక స్వరం గురించి రాయాలనిపించింది. అది వినడానికి ఇంపుగా ఉండదు. దాన్ని గిటార్ మీద నేర్చుకోవడానికి మాకు నలభై రోజుల శ్రమకాలమంతా పట్టింది. ఎందుకు నేర్చుకున్నామో చెప్పాలంటే ముందు మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో మా గదిలోని సహోదరుడి దగ్గర ఒక గిటార్ ఉండేది. అతని దగ్గర నాలుగు కార్డ్‌లు నేర్చుకున్నాము: జి, సి, డి, ఇ మైనర్. ఆ నాలుగింటితోనే మా పరిచర్య ఇన్నేళ్ళు నడిచింది. పల్నాడు వైపు పల్లెలో చిన్న మందిరం మాది. డోలక్ ఒకటి, తాళాలు రెండు జతలు, ఈ మధ్య ఒక కీబోర్డ్. జి లో మొదలుపెట్టి, సి కి పోయి, డి మీద నిలబడి, మళ్ళీ జి కి వస్తే చాలు, సంఘమంతా చప్పట్లు కొడుతుంది. పొలం నుంచి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నట్టు ఉంటుంది ఆ జి కి రావడం.

మా సంఘంలో పాట ఎత్తేది ఒక తల్లి. మిరప కోతల్లో పాడీ పాడీ గట్టిపడిన గొంతు. ఆమె ఎత్తితే మైకు అక్కర్లేదు. ఆమె కొడుకు, పందొమ్మిదేళ్ళవాడు, హైదరాబాదులో సెంట్రింగ్ పనికి వెళ్ళి పైనుంచి జారి పడి చనిపోయాడు. అర్ధరాత్రి అంబులెన్సులో తెచ్చారు. మర్నాడు భూస్థాపన. మేము ఏం చేశామంటే, గిటార్ పట్టుకుని జి లో పరలోకపు ఇంటి గురించిన ఉల్లాసమైన పాట ఎత్తాము. సమాధి దగ్గర జనం బాగా ఏడుస్తున్నారని, ధైర్యం నింపాలని, చప్పట్లు కూడా కొట్టమన్నాము. నిరీక్షణ ప్రకటించామనే అనుకుని ఆ రాత్రి తృప్తిగా నిద్రపోయాము కూడా.

ఆ తరువాత ఆమె ప్రతి ఆదివారమూ మందిరానికి వచ్చేది. వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. కానీ నోరు తెరవలేదు. పాటలు వేరేవాళ్ళు ఎత్తారు. దుఃఖం తగ్గితే తనే పాడుతుందిలే అనుకున్నాము. ఏడాది గడిచాక ఒక సాయంకాలం ఆమె ఇంటికి వెళ్ళి, "ఏమ్మా, మళ్ళీ ఒక పాట ఎత్తకూడదూ?" అని అడిగాము. ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తకుండానే అంది:

"నా కొడుకును గుంటలో దించుతుంటే మీరు చప్పట్లు కొట్టించారు అయ్యగారూ."

కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. మాకు నోట మాట రాలేదు. ప్రార్థన చేసి వస్తామన్నాము గానీ ఆ ప్రార్థన ఏం చేశామో మాకు గుర్తు లేదు.

ఆ రాత్రి 88వ కీర్తన తీశాము. ఎజ్రాహీయుడైన హేమాను పేర ఉన్న కీర్తన అది. పద్దెనిమిది వచనాలు. మిగతా విలాప కీర్తనలు చాలావరకు ఏడ్చి ఏడ్చి, చివరకు స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. దేవునికి మొరపెడుతూనే మొదలవుతుంది, మొరపెడుతూనే చీకట్లో ముగుస్తుంది. హెబ్రీ మూలంలో దాని చివరి మాటే చీకటి. పెద్దలు దీన్ని బైబిల్లో నుంచి తీసేయలేదు, చివర ఒక మంచి వచనం అతికించలేదు. ఆలయంలో పాడే పాటల మధ్యనే ఉంచారు. అంటే దీన్ని పాడారన్నమాట. మరి ఏ రాగంలో పాడారు?

మనం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం తెరిస్తే పాట మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మన పెద్దలు ఏ మాటకు ఏ రాగం తగునో చూసి రాశారు. మేము కూడా ఈ కీర్తనకు తగిన వరుస ఒకటి కట్టాలనుకున్నాము. ముందు ఇ మైనర్‌లో ప్రయత్నించాము. మైనర్ అంటే దుఃఖం అని మనకు అలవాటు. కానీ వాయించి చూస్తే తేడా తెలిసింది. మైనర్‌లో దుఃఖం ఉంది గాని, అది కూడా చివరకు తన ఇంటికి వచ్చి కుదురుగా కూర్చుంటుంది. ఏడ్చి అలసి నిద్రపోయిన వాడిలా ఉంటుంది. హేమాను నిద్రపోలేదు.

మా సంఘంలో కీబోర్డ్ వాయించే తమ్ముడు ఇంజనీరింగు చదువుతున్నాడు. అతనితో ఈ మాట అంటే, "ఇంటికి చేరని స్కేల్ ఒకటుంది అయ్యగారూ, లోక్రియన్ అంటారు" అన్నాడు. కీబోర్డ్ మీద చూపించాడు. తెల్ల కీలు మాత్రమే తీసుకుని సి నుంచి సి వరకు వాయిస్తే మనకు బాగా తెలిసిన మేజర్ స్కేల్, మన శంకరాభరణం. అవే తెల్ల కీలు బి నుంచి బి వరకు వాయిస్తే లోక్రియన్. ఒక్క స్వరం కూడా మారలేదు, మొదలుపెట్టిన చోటు మారింది, అంతే. కానీ వినడానికి ఎవరో నేలను కాస్త పక్కకు లాగినట్టుంది.

కారణం ఇది. ఏ పాటకైనా ఆధారం రెండు స్వరాలు: స, ప. తంబురా మీటేది కూడా సాధారణంగా వీటినే. స నుంచి ప కి ఏడు అర్ధస్వరాల దూరం. శబ్దశాస్త్రం ప్రకారం ఆ రెండింటి కంపనాలు మూడుకు రెండు అన్నంత సూటి లెక్కలో ఉంటాయి, అందుకే చెవికి నెమ్మది. లోక్రియన్‌లో ఆ ప లేదు. ఉండాల్సిన చోటుకు ఒక అర్ధస్వరం తక్కువలో, ఆరు అర్ధస్వరాల దూరంలో వేరే స్వరం ఉంది. సరిగ్గా సప్తకానికి సగం దూరం. అటు స కీ చెందదు, ఇటు పై స కీ చెందదు. బి ని స అనుకుంటే ఆ స్వరం ఎఫ్.

ఈ స్కేల్‌ని ఎవరూ చేరదీయలేదని తరువాత తెలుసుకున్నాము. స్విట్జర్లాండు పండితుడు గ్లేరియన్ 1547లో బాసెల్‌లో ప్రచురించిన గ్రంథంలో, అప్పటికి సంఘ సంగీతంలో ఉన్న ఎనిమిది మోడ్‌లను పన్నెండు చేశాడు. బి మీద మొదలయ్యేదాన్ని మాత్రం సరైన పంచమం లేదని పక్కన పెట్టాడు. మన దేశంలోనూ అంతే. పదిహేడవ శతాబ్దంలో వేంకటమఖి వేసిన 72 మేళకర్తల ప్రణాళికలో ప్రతి రాగానికీ పంచమం ఉండి తీరాలి. శంకరాభరణానికి గ్రహభేదం చేస్తూ పోతే రి నుంచి ఖరహరప్రియ, గ నుంచి హనుమతోడి, మ నుంచి మేచకల్యాణి, ప నుంచి హరికాంభోజి, ధ నుంచి నటభైరవి వస్తాయి. ని దగ్గరకు వచ్చేసరికి రెండు మధ్యమాలు వచ్చి పంచమం పోతుంది, మేళకర్త కాదని వదిలేస్తారు. అంటే ఐరోపాలో పక్కన పెట్టిన దాన్నే ఇక్కడ మనవాళ్ళు కూడా, వాళ్ళ సంగతి తెలియకుండానే, వదిలేశారు. అది చదివినప్పుడు మా మనసులో ఆ వెనక గోడకు ఆనుకుని కూర్చున్న తల్లి మెదిలింది.

భస్మ బుధవారం నాడు నేర్చుకోవడం మొదలుపెట్టాము. గిటార్ ఉన్నవారు చేసి చూడవచ్చు గనుక వివరంగా రాస్తున్నాము. గిటార్‌లో రెండో తీగను ఖాళీగా మీటితే పలికేది బి. అదే మా తంబురా. దాన్ని అలా మోగనిస్తూ, మూడో తీగ మీద స్వరాలు పట్టాలి. నాలుగో ఫ్రెట్ దగ్గర మళ్ళీ బి పలుకుతుంది. శృతి చేసేటప్పుడు మిగతా తీగలకు ఐదో ఫ్రెట్ నొక్కి పక్క తీగతో సరిచూస్తాము, ఈ మూడో తీగకు మాత్రం నాలుగో ఫ్రెట్ గదా, ఆ చోటే. రెండు తీగలూ ఒకే గొంతుతో పలుకుతాయి. తరువాత ఐదో ఫ్రెట్, సి. ఇక్కడే రాపిడి మొదలవుతుంది. రెండు తీగలూ ఒకదానినొకటి ఒరుసుకుని గిటార్ పొట్టలో అదురు పుడుతుంది, పొట్టకు ఆనించుకుని వాయిస్తే మన పక్కటెముకలకే తెలుస్తుంది. ఏడో ఫ్రెట్ డి, తొమ్మిదో ఫ్రెట్ ఇ. తరువాత పదో ఫ్రెట్, ఎఫ్.

మొదటి వారం మాకు ఎదురైన ఇబ్బంది, చెవి మాట వినకపోవడం. స్వరాలు సి మేజర్‌వే గనుక, ఎక్కడ తిరిగినా చెవి సి దగ్గరకు వెళ్ళి అదే ఇల్లని కూర్చుంటుంది. అప్పుడు అది లోక్రియన్ కాదు, బి నుంచి మొదలుపెట్టిన మామూలు పాట. రెండో తీగను మాటిమాటికీ మీటుతూ, "ఇల్లు ఇదీ" అని చెవికి గుర్తుచేయాల్సి వచ్చింది. మా శ్రీమతి రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు, "మందిరంలో వాయించుకోండి, పిల్లలకు పరీక్షలు" అంది. అప్పట్నుంచి తెల్లవారుజామున మందిరంలోనే సాధన.

రెండో ఇబ్బంది పెద్దది. పదో ఫ్రెట్ మీద వేలు నిలవదు. ఒక్క ఫ్రెట్ ముందుకు జరిగితే, పదకొండో ఫ్రెట్‌లో, అసలైన పంచమం ఉంది. అక్కడికి వెళ్తే రెండు తీగలూ హాయిగా కలిసిపోతాయి, అదురు ఆగిపోతుంది. గిటార్ మీద ఆ దూరం రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. ఇన్నేళ్ళ అలవాటు మా వేలిని అక్కడికి తోసేది. మేము అనుకోకుండానే జారిపోయేవాళ్ళం. వెనక్కి తెచ్చుకుని పది దగ్గర పెట్టేవాళ్ళం. మళ్ళీ జారేది.

ఒక తెల్లవారుజామున అలా జారినప్పుడు వేలు తీయకుండా అలాగే కూర్చుండిపోయాము. సమాధి దగ్గర మేము చేసింది ఇదే. ఆ తల్లి పదో ఫ్రెట్ దగ్గర ఉంది. మేము పదకొండు వాయించాము. మేము ప్రకటించిన పరలోకం అబద్ధం కాదు, పునరుత్థానం అబద్ధం కాదు. ఆ స్వరం నిజమే, అది ఉన్న చోటే ఉంది. కానీ ఆమె ఉన్న చోట ఒక్క క్షణం కూడా నిలబడలేక, మా చెవికి నొప్పిగా ఉందని, మేము ముందుకు జారిపోయాము. ఆదరణ అని పేరు పెట్టుకున్నది సగం మా కోసమే. ఆ ఉదయం సాధన ఇక సాగలేదు.

శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు వరకు మా మందిరంలో ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. ఒక్కో మాటకు ఒక ప్రసంగం, ఒక పాట. నాలుగో మాట, విడిచిపెట్టబడిన కేక, దాని తరువాత పాట లేకుండా 88వ కీర్తన చదివి ఈ స్వరాలు వాయిస్తామని సంఘ పెద్దలకు చెప్పాము. పెద్దాయన ఒకరు రెండు రోజుల తరువాత ఇంటికి వచ్చారు. మనవడు ఫోన్‌లో ఏదో వీడియో చూపించాడట.

"అయ్యగారూ, ఆ దూరాన్ని సంగీతంలో సాతాను అంటారంట గదా. పూర్వం సంఘం నిషేధించిందంట. అటువంటిది సిలువ దినాన మందిరంలోనా?"

ఆయన అడిగింది న్యాయమే. తెలుసుకున్నంత వరకు చెప్పాము. లాటిన్‌లో ఆ పేరు ఉన్న మాట వాస్తవం. అది రాతలో కనబడేది పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో, సంగీత పాఠాలు రాసిన గురువుల పుస్తకాల్లో. పాడేవాళ్ళకు పట్టుకోవడం కష్టం, జాగ్రత్త అని చెప్పడానికి. సంఘం దాన్ని నిషేధించి, వాయించిన వారిని శిక్షించిందనే కథకు ఆధారం లేదు. పైగా సంఘంలోనే దాన్ని వాడినవారు ఉన్నారు. బాఖ్ రాసిన మత్తయి సువార్త శ్రమల గానంలో, ఎవరిని విడుదల చేయమంటారని పిలాతు అడిగినప్పుడు, జనసమూహమంతా ఒకే ఒక్క మాటగా బరబ్బ పేరు అరుస్తుంది. ఆ ఒక్క అరుపుకు బాఖ్ పెట్టిన కార్డ్‌లో ఇలాంటి దూరాలు రెండు ఉన్నాయి. అది లైప్‌జిగ్‌లో శుభ శుక్రవారపు ఆరాధనలోనే పాడారు. 1940 నవంబరు 14 రాత్రి బాంబులకు కూలిన కోవెంట్రీ కెథడ్రల్ స్థానంలో కొత్తది కట్టి ప్రతిష్ఠించినప్పుడు, 1962 మే 30న, బ్రిటెన్ తన వార్ రిక్వియమ్ అక్కడ వినిపించాడు. ఆ రచన పొడుగునా ఇదే దూరం, సి నుంచి ఎఫ్ షార్ప్, గంటల మోతలో తిరిగి తిరిగి వస్తుంది. యుద్ధంలో బిడ్డలను పోగొట్టుకున్నవారు కూర్చున్న మందిరంలో వెంటనే హాయి పాట వాయించడం ఆయనకు చేతకాలేదు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా పెద్దది పోయినప్పుడు నాకూ పాటలు వినబుద్ధి కాలేదు లెండి" అని లేచారు. ఆయన కూతురు పోయి ముప్పై ఏళ్ళు. ఆ సంగతి మాతో అనడం అదే మొదలు.

శుభ శుక్రవారం వచ్చింది. కల్లాల్లో మిరప ఎండుతోంది, గాలిలో ఆ ఘాటు మందిరం లోపలి దాకా. అందరూ తెల్ల బట్టల్లో వచ్చారు. ఆమె తన గోడ దగ్గరే కూర్చుంది. నాలుగో మాట ప్రసంగం చిన్నగా ముగించాము. కీబోర్డ్ ఆపించాము, మైకు ఆపించాము. మా శ్రీమతి కీర్తన చదువుతుంటే వచనానికీ వచనానికీ మధ్య వాయించాము. నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది, పది. పది దగ్గర ఆగడం. రెండో తీగ అలా మోగుతూ ఉండడం.

మధ్యలో ఒకసారి, ఇంత సాధన చేసినా, వేలు పదకొండుకు జారింది. ఆ ఒక్క క్షణం మందిరంలో అందరూ ఊపిరి వదిలినట్టు మాకు వినబడింది. వెనక్కి తెచ్చి పది మీద పెట్టాము. మళ్ళీ అందరి ఊపిరీ బిగుసుకుంది.

చివర్లో నాలుగో ఫ్రెట్‌కు, అంటే ఇంటికే వచ్చాము. కానీ వచ్చిన చోట బి, డి, ఎఫ్ మూడూ కలిసిన కార్డ్ పట్టాము. లోక్రియన్‌కు ఇల్లు అదే, ఆ ఇంట్లోనే ఆ అదురు ఉంది. ఇంటికి చేరినా ఒక మంచం ఖాళీగా ఉన్నట్టు. తీగలను చేత్తో ఆపకుండా, శబ్దం దానంతటదే చచ్చిపోయే దాకా ఊరుకున్నాము. అప్పుడు ఐదో మాటకు వెళ్ళాము.

మూడు గంటలకు అందరూ వెళ్ళిపోయాక ఆమె ఉండిపోయింది. చాపలు చుడుతున్నట్టు చుడుతూ, దగ్గరకు వచ్చి అడిగింది.

"చివర ఆ పాట ముగించలేదే అయ్యగారూ?"

"లేదమ్మా. అది అంతే."

ఆమె కాసేపు గిటార్ వైపు చూసింది. "రాత్రి మూడింటికి మెలకువొస్తే అట్టాగే ఉంటది" అంది. తరువాత చాపలు మూలన పెట్టి వెళ్ళిపోయింది.

మేము ఆమెను క్షమాపణ అడగాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాము. ఆ మర్నాడు శనివారం వెళ్ళి అడిగాము. "చప్పట్లు కొట్టించడం మా తప్పమ్మా" అన్నాము. ఆమె మజ్జిగ ఇచ్చింది. తప్పనీ అనలేదు, పర్వాలేదనీ అనలేదు.

ఈస్టరు ఉదయం మళ్ళీ జి కార్డే. పునరుత్థానపు పాటలు, డోలక్, చప్పట్లు. వాటిని మేము తగ్గించలేదు, తగ్గించకూడదు కూడా. శుక్రవారం పది దగ్గర ఆగినందుకు ఆదివారపు పంచమం మాకు ఎన్నడూ లేనంత నిజంగా వినిపించింది. అయినా ఆమె ఆ రోజు పాడలేదు. ఇది చదివేవారు, ఆమె లేచి పాట ఎత్తిందని రాస్తామని ఎదురుచూసి ఉండవచ్చు. అలా రాస్తే మళ్ళీ వేలు జారినట్టే. ఇప్పటికీ పాట ఎత్తేది వేరేవాళ్ళే. పోయిన నెలలో ఒక ఆదివారం ఆమె పెదవులు కదలడం చూశానని మా శ్రీమతి చెప్పింది. మేము ఆమెను ఏమీ అడగలేదు.

యోబు స్నేహితులను మనం ప్రసంగాల్లో ఎప్పుడూ తిడతాము. కానీ వారు వచ్చిన మొదటి ఏడు రాత్రింబవళ్ళు, అతని బాధ ఎంత గొప్పదో చూసి, నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. అంతవరకు వారు మంచి కాపరులే. నోరు తెరిచాకే చెడిపోయారు. లాజరును లేపబోతున్నానని తెలిసిన ప్రభువు కూడా, ఆ సమాధి దగ్గర ముందు కన్నీళ్ళు విడిచాడు. ఆయనకు పంచమం ఎక్కడుందో తెలియక కాదు గదా.

మొన్న వర్షాలప్పుడు మా పక్క పాలెంలో ఒక ఇంట్లో భూస్థాపన జరిగింది. గిటార్ తీసుకెళ్ళలేదు. వాక్యం చదివి, ప్రార్థన చేసి, సాయంకాలం దాకా ఆ ఇంటివారితో అరుగు మీద కూర్చున్నాము. ధైర్యం చెప్పాలని నోటిదాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. వాటికి వేళ వస్తుందని ఊరుకున్నాము.

ప్రియులారా, మీ పక్క ఇంట్లో ఎవరైనా పదో ఫ్రెట్ దగ్గర ఉంటే, వారిని ఒక్క ఫ్రెట్ ముందుకు నెట్టడానికి తొందరపడకండి. ఆ అదురు మీ పక్కటెముకలకు తగిలే దాకా దగ్గరగా కూర్చోండి. ముందుకు జరిపే వేలు మనది కాదు, ప్రభువుది. ఆయన వేళకు ఆయన జరుపుతాడని మేము నమ్ముతున్నాము.

దుఃఖపడువారి యొద్ద ఓపికతో నిలిచే కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.